రెండు వందల పన్నెండు పేజీలు

పొద్దున ఏడింటికి ఆ ఇంట్లో రోజూ ఒకటే వరస. మాస్టారు బాల్కనీలో నిన్నటి బట్టలు తీసి మడతపెట్టి, ఇవాళ్టివి ఆరేస్తుంటారు. స్టవ్ మీద టీ మరుగుతుంటుంది. పాప తడి చేతులు తుడుచుకుని, గోడ అలమరలోంచి పుస్తకం తీసి, నిలబడే పేజీలు తిప్పుతుంది.

పాప అంటే పసిపాప కాదు. ముప్ఫై నాలుగేళ్ళ మనిషి. పెద్దాసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. వచ్చినవాళ్ళను ఒక్కొక్కరినే పలకకు ఆనించి నిలబెట్టి, ఊపిరి బిగబట్టమని చెప్పి, మళ్ళీ వదలమని చెప్పే ఉద్యోగం. అక్కడ అందరూ మేడమ్ అంటారు. ఇంట్లో మేనమామ నోట మాత్రం రెండేళ్ళప్పుడు ఏ పిలుపు ఉందో ఇప్పటికీ అదే.

"నూట నాలుగులో మూడు లైన్లు పోయాయి మావయ్యా."

"పైనుంచా, కిందనుంచా?"

"మధ్యలోంచి. నిన్న ఎవరికైనా ఏమైనా చెప్పావా?"

"క్లాసులో కళ్ళజోడు అమ్మాయికి. కథలో తాతను ఒకటే ఏడిపించింది. ఏడవక్కర్లేదు, జేబులో తాళంచెవి వెతుక్కుంటే చాలన్నాను."

"తర్వాత?"

"తర్వాతేముంది, కథ లేచి కూచుంది."

పాప తలూపి పుస్తకాన్ని ఉన్నచోట పెట్టేసింది. టీ వడగట్టి ఒక గ్లాసు ఆయన చేతికిచ్చి, రెండోది తాగుతూ చెప్పులు వేసుకుంది. ఎనిమిదిన్నరకల్లా ఎక్స్‌రే గది తలుపు తీయాలి. తొమ్మిదింటికి మాస్టారు యూనివర్సిటీ రెండో అంతస్తులో, వరండా చివరి గదిలో, ముప్ఫై రెండు కుర్చీల ముందు నిలబడి కథ రాయడం ఎలాగో చెప్పాలి. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆ గది అదే, ఆ ఫ్యాను చప్పుడూ అదే.

ఆ పుస్తకం ఆయన రాసిందే. ఆయన రాసిన ఒకే ఒక్క నవల.

మాస్టారికి పదకొండేళ్ళప్పుడు అమ్మానాన్నలు ఏడాది తేడాలో పోయారు. పద్దెనిమిదేళ్ళ అక్క టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటర్‌గా చేరి తమ్ముణ్ణి పెంచింది. చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఎదురుగా బోర్డు మీద వందల రంధ్రాల్లో తీగలు గుచ్చుతూ, ఊళ్ళోవాళ్ళ మాటలు ఊళ్ళోవాళ్ళకు కలిపేది. జడలో ఎప్పుడూ ఒక పెన్సిలు ఉండేది. దురుసుగా మాట్లాడేవాళ్ళను మీట కిందికి నొక్కి, వాళ్ళకు వినబడకుండా, తీరిగ్గా తిట్టేది. ఆమెకు పెళ్ళయింది, ఆడపిల్ల పుట్టింది. పిల్లకు ఎనిమిదో నెల నడుస్తుండగా మొగుడు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు. "లైను కట్ చేసుకున్నాడు, మనమేం చేస్తాం," అని నవ్వేసి మర్నాడు డ్యూటీకి వెళ్ళింది. ముప్ఫై ఒకటో ఏట కామెర్లు వచ్చాయి. పదిహేను రోజుల్లో పోయింది. అప్పటికి పిల్లకు రెండేళ్ళు.

ఫోటోలు కూడా లేవు. ఉన్నది ఒక్కటి, ఆఫీసులో అందరూ కలిసి దిగింది. అందులో మూడో వరసలో, ఎవరో పిలిస్తే పక్కకు తిరిగిన సగం మొహం.

పిల్లకు వాళ్ళమ్మ ఎవరో చెప్పాలని ఆయన ఎన్నిసార్లో కూచోబెట్టుకున్నారు. నోరు తెరవబోయి, పాలు పొంగుతున్నాయంటూ లేచి వెళ్ళిపోయేవారు. అందుకని రాశారు. పదకొండు నెలలు, పిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకుని, మోకాలి మీద అట్ట పెట్టుకుని రాశారు. అక్క ఎలా నడిచేది, ఎలా తినేది, ఫోనెత్తే ముందు ఒక్క క్షణం ఎందుకు ఆగేది, అన్నీ. రెండు వందల పన్నెండు పేజీలు వచ్చాయి. పేరు 'లైన్‌లో ఉండండి'. చదివినవాళ్ళు తమ ఇంట్లో మనిషి పోయినంతగా ఏడ్చారు. ఆ పేరు మీదే యూనివర్సిటీవాళ్ళు పిలిచి ఉద్యోగం ఇచ్చారు. ఇలాంటిది రాసిన మనిషి పిల్లలకు రాయడం నేర్పకపోతే ఇంకెవరు నేర్పుతారన్నారు. ఆయనకు అప్పుడు ఇరవై ఏడు. ఇంకా పది నవలలు రాస్తానని ధీమా.

చేరిన మొదటి ఏడాదే ఒక విద్యార్థి అన్నదమ్ముల గొడవ మీద కథ తెచ్చాడు. చివర్లో తమ్ముడు తలుపు ఇల్లదిరేలా వేసి వెళ్ళిపోతాడు. మాస్టారు రెండుసార్లు చదివి, "తలుపు మెల్లగా వేసుకున్నాడని రాసి చూడు. అన్నకు నిద్రాభంగం కాకూడదని," అన్నారు. ఆ విద్యార్థి మొహం తెల్లబోయింది. వారం తర్వాత కథ మళ్ళీ చదివితే క్లాసులో ఎవరూ కదల్లేదు.

మాస్టారు అది చెప్పిన మర్నాడు పొద్దున, అప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్న ఐదేళ్ళ పాప పుస్తకం తెచ్చి చూపించింది.

"మావయ్యా, ఇక్కడ మాటలు లేవు."

తొమ్మిదో పేజీ అడుగున రెండు లైన్ల మేర తెల్లగా ఉంది. కొట్టివేత లేదు, మరక లేదు. యూనివర్సిటీ లైబ్రరీ కాపీలోనూ అంతే. పది రోజులకు ప్రచురణకర్త నుంచి ఉత్తరం వచ్చింది. మా దగ్గరున్న కాపీలన్నిట్లో తొమ్మిదో పేజీలో రెండు లైన్లు పోయాయి, గమనించగలరు, అని. మాస్టారు ఉత్తరం పట్టుకుని అప్పటి డిపార్ట్‌మెంటు పెద్దాయన దగ్గరికి వెళ్ళారు. పెద్దాయన కళ్ళజోడు పైకెత్తి చదివి తిరిగిచ్చేశారు.

"చెప్పినప్పుడు పోతుంటాయి. పాఠం చెప్పేవాడికి ఏదో ఒకటి తరుగుతుంది కదా. నాకు చూపు తగ్గింది. రేపు తొమ్మిది గంటల క్లాసు మీదే, మర్చిపోకండి."

పోనుపోను మాస్టారికి లెక్క అర్థమైంది. కథకు మొదలేమిటి, ముగింపేమిటి అని గంటసేపు ఉపన్యసిస్తే ఏమీ పోదు. ఎదుటివాడి కథలో ప్రాణం ఎక్కడ ఆగిపోయిందో సరిగ్గా అక్కడ వేలు పెడితేనే పోతుంది. చిన్న తప్పుకు ఒక లైను. పెద్ద తప్పుకు ఒక పేరా. ఏ పేజీలోంచి పోతుందో ఆయన చేతిలో లేదు. పోయినదాన్ని మళ్ళీ రాయడానికీ కుదిరేది కాదు. పైపై సంగతులు తప్ప, పేజీతోపాటు బుర్రలోంచీ పోయేది. పదేళ్ళ వయసులో పాప పట్టుబట్టి పాతిక పేజీలు కంఠతా పట్టింది. ఒకనాటి పొద్దున గుక్కతిప్పుకోకుండా చెప్తూ చెప్తూ ఆగిపోయింది.

"ఇక్కడ అమ్మ ఏదో అంటుంది మావయ్యా. ఏమంటుందో రావడం లేదు."

మాస్టారు గుర్తు చేసుకోబోయారు. ఆయనకూ రాలేదు. లేచాక మిగలని కలలాగా, ఏదో ఉండేదన్న సంగతి మాత్రం ఉంది.

రెండో నవల రాలేదు. ఏటేటా సెలవుల్లో కాగితాలు ముందేసుకుని కూచునేవారు. వాక్యం రాసినచోటే చల్లబడిపోయేది. అటు విద్యార్థులు మాత్రం పైకొచ్చారు. బహుమతులు తెచ్చుకున్నారు, పెద్ద పెద్ద ఊళ్ళలో సభల్లో మాట్లాడారు, పుస్తకాలు వేసి మొదటి పేజీలో 'మా మాస్టారికి' అని అచ్చు వేయించి తెచ్చి కాళ్ళకు దణ్ణం పెట్టారు. ఆ పుస్తకాలకు ఇంట్లో ఒక పెద్ద అలమర కొనాల్సి వచ్చింది. వాటిని పాప ఎప్పుడూ ముట్టుకోలేదు. దుమ్ము కూడా ఆయనే దులుపుకునేవారు.

ప్రమోషన్ ఇంటర్వ్యూకి పిలిచినప్పుడు ముగ్గురు కూచున్నారు. మధ్యలో కూచున్నాయన 'లైన్‌లో ఉండండి'ని చేతిలో పట్టుకుని, వేళ్ళతో పేజీలు టపటపా తిప్పాడు.

"ఇందులో రాత ఉన్నవి ఎన్ని?"

"నూట ఇరవై ఆరండి."

"మిగతావి?"

"క్లాసుల్లో పోయాయి."

"పోతాయి, అది సహజం. కానీ రూలు ప్రకారం నూటయాభై పేజీలు లేనిది పుస్తకం కింద రాదు మాస్టారూ. కరపత్రం కింద వస్తుంది."

ఎవరూ నవ్వలేదు. మాస్టారు తన కరపత్రాన్ని చంకలో పెట్టుకుని ఇంటికొచ్చారు. ఆ తర్వాత వాళ్ళు పిలవనూ లేదు, ఈయన అడగనూ లేదు. తనకంటే పదేళ్ళు చిన్నవాడు, వ్యాకరణం చెప్పే ఆయన, డిపార్ట్‌మెంటుకు పెద్ద అయ్యాడు.

పాపకు ఇరవై ఏళ్ళప్పుడు ఒకరోజు పొద్దున పుస్తకం తీసి ఎంతసేపటికీ ఏమీ అనలేదు. మాస్టారు బాల్కనీలోంచి వచ్చి చూస్తే నేల మీద కూచుని ఉంది. వాళ్ళమ్మ మొదటిరోజు ఉద్యోగానికి వెళ్ళే అధ్యాయం ఆరు పేజీలు, మొత్తంగా పోయాయి. ముందురోజు ఆయన ఒక విద్యార్థి నవల చూసి, ఇది తండ్రి కథ కాదు, నీ కథ, మొదటినుంచి రాయి అని చెప్పి ఉన్నారు. పాప ఏడ్చింది. పెద్దయ్యాక ఆమె ఏడవడం ఆయన చూసింది ఆ ఒక్కసారే.

ఆ రోజునుంచి మాస్టారు క్లాసులో ఒకటే మాట పట్టుకున్నారు. ఎవరేం తెచ్చినా చదివి, "బాగుంది," అని ఇచ్చేసేవారు. మొదట్లో పిల్లలు పొంగిపోయారు. నాలుగేళ్ళు అలా నడిచింది. పుస్తకంలోంచి ఒక్క కామా కదల్లేదు. పాప పొద్దున్నే పేజీలు తిప్పి, "అన్నీ ఉన్నాయి," అనేది. టీ గ్లాసు అందిస్తూ పాట కూడా కూనిరాగం తీసేది. ఆ నాలుగేళ్ళలో ఆ గదిలోంచి ఒక్క మంచి కథ రాలేదన్న సంగతి మాస్టారికి తెలుసు. ఇంకెవరికీ తెలియదనుకున్నారు.

నాలుగో ఏడాది ఒక మనిషి స్టాఫ్ రూం గుమ్మంలో నిలబడ్డాడు. మాస్టారు పోల్చుకోలేకపోయారు. అతను చేతిలో గోధుమరంగు కవరు చూపించాడు. అప్పుడు గుర్తొచ్చాడు. కథను ఎప్పుడూ కవర్లో పెట్టుకుని తెచ్చేవాడు, క్లాసంతా అతన్ని 'కవరు' అనే పిలిచేది.

"ఏం చేస్తున్నావయ్యా?"

"బస్సు డిపోలో టైర్లకు గాలి కొడుతున్నాను సార్. టీచర్ ట్రైనింగులో సీటు వచ్చింది, వద్దనుకున్నాను. మీరు బాగుందన్నారు కదా, రచయిత అవుదామనుకున్నాను." అతని గొంతులో కోపం లేదు. "మూడేళ్ళలో ఇరవై రెండు కథలు పంపాను. ఇరవై రెండూ తిరిగొచ్చాయి. ఎందుకో ఎవరూ రాయలేదు. ఇప్పుడైనా చెప్పండి సార్. ఇందులో ఏం లేదు?"

మాస్టారు కవరు విప్పి మొదటి పేజీ చదివారు. తప్పు అక్కడే ఉంది, అయిదో లైన్లో. మూడేళ్ళ కిందటి కథలోనూ అదే తప్పు. అతను మనుషుల్ని మేడ మీదనుంచి చూస్తున్నాడు, కిందికి దిగడం లేదు. అదే చెప్పారు. కవరు వింటూ వింటూ కుర్చీలో కూచుండిపోయాడు.

"ఇంతేనా సార్?"

"ఇంతే."

"అప్పుడే చెప్పి ఉంటే దిగేవాణ్ణి కదా." కాగితాలు మడిచి కవర్లో పెట్టుకున్నాడు. "ఇప్పుడు ఓపిక లేదులెండి. రోజంతా గాలి కొట్టి ఇంటికెళితే వేళ్ళు వంగవు."

నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. మర్నాడు పుస్తకంలో ఒక పేజీ నిలువునా పోయింది, ఎవరికీ పనికిరాకుండా.

క్లాసులో మాస్టారి నోట ఇక ఆ 'బాగుంది' రాలేదు. వచ్చిన ప్రతి కథలోనూ వేలు పెట్టారు. పిల్లలు మళ్ళీ రాశారు, మళ్ళీ పైకొచ్చారు. పాప మళ్ళీ పొద్దున్నే ఏ పేజీలో ఎన్ని లైన్లో చెప్పడం మొదలుపెట్టింది. ఎందుకు మొదలైందని అడగలేదు. ఆమె కోపగించుకోనందుకు మాస్టారు లోపల్లోపల దణ్ణం పెట్టుకున్నారు. ఈ నష్టంలో తనకు తోడు ఒకరున్నారనుకున్నారు. ఆ ఒక్క ధైర్యంతోనే పదేళ్ళు లాక్కొచ్చారు.

నూట నాలుగులో మూడు లైన్లు పోయిన ఏడాదే మిగతావీ జారిపోయాయి. ఆ బ్యాచిలో ముప్ఫై రెండుమందీ రాయగలిగినవాళ్ళే, ఏం పాపమో. వానలు తగ్గేసరికి పుస్తకంలో రాత ఉన్న పేజీ ఒక్కటే మిగిలింది, నూట ఎనభై ఏడు.

అందులో పెద్దగా ఏమీ జరగదు. అక్క సెలవు రోజున గుమ్మంలో కూచుని పిల్లకు గోళ్ళు తీస్తుంటుంది. పిల్ల కాళ్ళు ఆడిస్తుంటే, "కదలకు, నీ వేళ్ళు నాకు పది లైన్లు, ఒక్కటి తెగినా ఊరుకోను," అంటుంది. తీసిన గోళ్ళన్నీ పోగు చేసి చూసి, ఇంత చిన్న మనిషా నువ్వు అని ఆశ్చర్యపోతుంది. అంతే. పాప ఆ పేజీ చదివేటప్పుడు కాలి వేళ్ళు ముడుచుకోవడం మాస్టారు చాలాసార్లు చూశారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, పాప కొన్ని కాగితాలు తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఎక్స్‌రే ఫారాల వెనకవైపు రాసిన ఏడు కాగితాలు. అక్షరాలు ఒద్దికగా ఉన్నాయి.

"ఏమిటివి?"

"కథ."

"ఎవరిది?"

"నాదే. చూసి చెప్పు."

ఆ ఇంట్లో ముప్ఫై ఏళ్ళుగా ఆమె ఒక్క వాక్యం రాసినట్టు ఆయనకు తెలియదు. కాగితాలు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి చదివారు. ఒక తల్లి కథ. టెలిఫోన్ ఆపరేటర్. నవ్వుతుంది, జడలో పెన్సిలు పెట్టుకుంటుంది, కూతుర్ని దగ్గరికి తీసుకుని మంచిమాటలు చెప్తుంది. చక్కటి వాక్యాలు. ఏడు కాగితాల్లో ఎక్కడా ప్రాణం లేదు. ఎందుకు లేదో ఆయనకు రెండో కాగితంలోనే తెలిసిపోయింది.

కాగితాలు సర్ది, ఆమె చేతికిస్తూ, "బాగుంది," అన్నారు.

పాప తీసుకోలేదు.

"ఆ మాట నాతో అనకు మావయ్యా."

"పాపా, ఒక్క పేజీ ఉంది."

"తెలుసు. పొద్దున చూశాను."

"తెలిసీ అడుగుతున్నావా?"

"రేపు సోమవారం. తొమ్మిదింటికి నువ్వు క్లాసుకెళ్తావు. ఎవరో ఒకరు ఏదో ఒకటి తెస్తారు. నువ్వు చెప్పకుండా ఉండలేవు." ఆమె గొంతు ఎక్స్‌రే గదిలో రోగులతో మాట్లాడే గొంతులా నెమ్మదిగా ఉంది. "ఎలాగూ పోయేదే కదా. ఎవరో ఊరూపేరూ తెలియనివాళ్ళ కథకు పోయే బదులు నా కథకు పోనీ."

"నేను రేపటినుంచి సెలవు పెడతాను. ఉద్యోగం మానేస్తాను."

"అప్పుడు మానలేదుగా."

ఎప్పుడని ఆయన అడగలేదు. కుర్చీలో కూచున్నారు. కింద వీధిలో ఎవరో సైకిలు బెల్లు మోగించుకుంటూ పోయారు. పాప ఎదురుగా, స్టూలు మీద, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచుంది. ఆయనకు ఏళ్ళ తరబడి ఎదురుగా కూచున్న విద్యార్థులందరి కూచోవడమూ అదే. ముందే దెబ్బకు సిద్ధపడి, భుజాలు కాస్త ముందుకు వంచి.

"ఇందులో మీ అమ్మ లేదు," అన్నారు మాస్టారు.

పాప కాగితాలకేసి చూసింది.

"ఉన్నది మా అక్క. నా పుస్తకంలోంచి పట్టుకొచ్చావు. నవ్వూ, పెన్సిలూ, అన్నీ నావి. నీకు మీ అమ్మ గుర్తు లేదు. ఆమె గొంతు నీకు తెలియదు. నువ్వు ఆ సంగతి దాచిపెట్టి రాశావు. అందుకే ఇది పడుకుని ఉంది. అక్కణ్ణుంచి మొదలుపెట్టు. నాకు మా అమ్మ గుర్తు లేదు అని రాయి. తర్వాతది అదే వస్తుంది."

ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు. పాప లేచి, గ్లాసుతో నీళ్ళు తాగి, కాగితాలు తీసుకుని తన గదిలోకి వెళ్ళింది.

మర్నాడు మాస్టారు బాల్కనీలోనే ఉండిపోయారు. ఆరేసిన చొక్కానే మళ్ళీ తీసి ఆరేస్తున్నారు. లోపల అలమర తలుపు చప్పుడు వినబడలేదు. చివరికి ఆయనే వెళ్ళి పుస్తకం తీశారు. మొదటి పేజీనుంచి చివరి పేజీదాకా తెల్లగా ఉంది. అట్ట మీద పేరు కూడా లేదు. గుమ్మంలో ఎవరో కూచునేవారని, చేతిలో ఏదో చిన్నది ఉండేదని ఆయనకు లీలగా తోచింది. ఏమిటది? ఎవరి చెయ్యి? పట్టుకోబోతే జారిపోయింది.

పాప టీ అందించి, "వస్తాను," అని చెప్పి డ్యూటీకి వెళ్ళింది.

యూనివర్సిటీలో సంగతి పది రోజుల్లోపే తెలిసింది. లైబ్రరీవాళ్ళు తెల్లకాగితాల పుస్తకం పెట్టుకోవడానికి వీల్లేదని తిరిగిచ్చారు. వ్యాకరణం ఆయన మాస్టార్ని కూచోబెట్టి కాఫీ తెప్పించాడు.

"మీ పోస్టు నవలా రచయిత పోస్టు మాస్టారూ. నాకేమీ అభ్యంతరం లేదు, కానీ కాగితం మీద మీరిప్పుడు రచయిత కింద రారు."

"నిజమే."

"ఇంకా రెండేళ్ళుంది మీకు. ఇంటికి పంపలేను. పరీక్షల విభాగంలో ఖాళీ ఉందట."

"సరే," అన్నారు మాస్టారు. చివరిసారిగా క్లాసుకు వెళితే ఒక అమ్మాయి కథ చదివింది. ఎక్కడ తప్పుందో ఆయనకు తెలియలేదు. ఇరవై తొమ్మిదేళ్ళలో మొదటిసారి, ఊరికే విని, చాక్‌పీసు బల్ల మీద పెట్టి బయటికి వచ్చేశారు.

పరీక్షల విభాగం కింది అంతస్తులో ఉంది. జవాబు పుస్తకాల మీద వరస నంబర్లు గుద్దడం ఆయన పని. పక్క బల్ల దగ్గర ఒక గుమస్తా ఆవిడ కట్టలు కడుతూ, ఖాళీ దొరికితే పత్రికలు చదువుకునేది. ఆయన గురించి ఆమెకు పెద్దగా తెలియదు.

పాప ఆ ఏడాది చివర్లో ఊరి అవతలివైపు కొత్తగా కట్టిన ఆసుపత్రికి మార్పించుకుంది. రెండు బస్సులు మారాలి. అక్కడే గది చూసుకుంటానంది. మాస్టారు మంచిదేనన్నారు. ఆయన మందుల డబ్బా మీద ఏది ఎప్పుడో రాసి అంటించింది. పనిమనిషిని కుదిర్చి అన్నీ అప్పజెప్పింది. తన బట్టలు, ఎక్స్‌రే ఫారాల కట్ట తీసుకెళ్ళింది. తెల్ల పుస్తకాన్ని ముట్టుకోలేదు. మొదట్లో ప్రతి ఆదివారం వచ్చేది. తర్వాత ఆదివారం విడిచి ఆదివారం. తర్వాత ఫోన్లు. ఆ ఫోన్లలో ఆమె మందుల గురించి, ఆయన బస్సుల గురించి అడిగేవారు.

ఒకరోజు మధ్యాహ్నం టీ టైములో గుమస్తా ఆవిడ పత్రిక ఒకటి పట్టుకుని ఆయన బల్ల దగ్గరికి వచ్చింది.

"మాస్టారూ, ఈ రాసినావిడ ఎక్స్‌రేలు తీస్తుందట. మీ మేనకోడలు ఎక్స్‌రే మేడమ్ అన్నారు కదా, ఆవిడేనా?"

పేరు చూసి తలూపారు. నాలుగు పేజీల కథ. కిటికీ వెలుతురుకు తిప్పి పట్టుకుని చదివారు.

'నాకు మా అమ్మ గుర్తు లేదు,' అని మొదలైంది. 'ఆమెను మా మావయ్య ఒక పుస్తకంలో పెట్టాడు. పెట్టి, రోజుకు కొంచెం చొప్పున ముక్కూమొహం తెలియనివాళ్ళకు పంచాడు. నేను పొద్దున్నే లేచి ఎంత మిగిలిందో చూసేదాన్ని. పైకి చెప్పేదాన్ని. ఎందుకు చెప్పేదాన్నంటే, తను వినాలని. విని ఆపుతాడేమోనని.'

మాస్టారు కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కున్నారు. చదువుతూ పోయారు. కథలో మావయ్య చెడ్డవాడు కాదు. బట్టలు చక్కగా మడతపెడతాడు. పిల్లకు జ్వరం వస్తే పక్కనుంచి లేవడు. ఎవరినీ పల్లెత్తు మాట అనడు. చాలా మంచి మనిషి, అందుకే ఆ పిల్లకు అరవడానికి వీల్లేకపోయింది. మూడో పేజీలో ఇలా ఉంది. 'ఒకసారి నాలుగేళ్ళు ఆపాడు. ఆ నాలుగేళ్ళు మా అమ్మ ఇంట్లోనే ఉంది. తర్వాత ఎవరో ఒక మనిషి వచ్చి ఏదో అడిగాడట. మావయ్య మళ్ళీ మొదలుపెట్టాడు. మొదలుపెట్టేముందు నన్ను అడగలేదు.'

చివరిదాకా చదివి, మళ్ళీ మొదటికి వచ్చారు. ఈసారి మెల్లగా, ఒక్కో వాక్యం దగ్గర ఆగి. పదేళ్ళు తోడు అనుకున్న గొంతు ఇదన్నమాట. చెయ్యి దానంతటదే జేబులో పెన్ను కోసం వెళ్ళింది. ఎక్కడైనా ఒక మాట ఎక్కువై ఉండాలి. ఎక్కడో ఒకచోట అమ్మాయి కాస్త తొందరపడి ఉండాలి. రాసేవాళ్ళందరూ పడతారు. అది పట్టుకుంటే చాలు, పాపా, మూడో పేజీలో ఫలానా మాట చూడు అని ఫోన్ చేయొచ్చు. దాని వంకతో మిగతాది కూడా మాట్లాడొచ్చు.

"ఇంకా అవలేదా మాస్టారూ?" అంది గుమస్తా ఆవిడ. "కట్టలు మిగిలిపోయాయి."

"అయిపోయిందమ్మా, ఒక్క నిమిషం," అని మాస్టారు మూడోసారి మొదటినుంచి చదివారు. ఒక్క తప్పు కూడా దొరకలేదు.